మూడో ఇంటి మామ్మ, ఐదో ఇంటి తాళం

ఎంబీబీఎస్‌లో నాకు అప్పగించిన ఐదు పల్లె ఇళ్ల వివరాలు రాసుకున్న నీలం అట్ట లాగ్‌బుక్ ఒకటి నా దగ్గర ఉంది. హాస్టల్ గది ఖాళీ చేసిన రోజు పాత రికార్డులన్నీ కిలోల లెక్కన అమ్మేశాను గానీ దీన్ని అమ్మబుద్ధి కాలేదు. అందులో ఐదో ఇంటి పేజీలో 'కుటుంబ పెద్ద బీపీ' అన్న గడిలో ఏడుసార్లు ఒకటే మాట రాసి ఉంటుంది: ఇంట్లో లేరు. ఏడు తేదీలు, ఏడు సంతకాలు. పేజీ కింద మేడమ్ ఎర్ర సిరాతో 'గుడ్' అని కూడా రాశారు.

ఆ ఏడుసార్లూ ఆ ఇంటాయన గుజరాత్‌లో ఉన్నాడు, వెరావల్‌లో. ఉత్తరాంధ్ర తీరంలో ఎన్నో ఊళ్ల మగవాళ్లు అక్కడి బోట్ల మీద పనికి వెళ్తారు. ఆగస్టులో బయల్దేరితే మళ్లీ ఇంటి మొహం చూసేది ఎండాకాలంలోనే. 2018లో పాకిస్తాన్ వాళ్లు పట్టుకుంటే, 2020 జనవరిలో గాని విడుదల కాని మన జాలర్లు కూడా అక్కడి నుంచి వేటకు వెళ్లినవాళ్లే. ఈ సంగతంతా నాకు తెలిసేసరికి సెకండియర్ సగం అయిపోయింది. అప్పటిదాకా ఆయన రోజూ వేటకెళ్లి సాయంత్రానికి వస్తాడనే అనుకున్నాను. మాది గుంటూరు వైపు పొలాల ఊరు. సముద్రం అంటే సూర్యలంక బీచ్ తప్ప ఇంకేం తెలుసు నాకు?

కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను. మా బ్యాచ్ 2022 ఫిబ్రవరిలో ఎంబీబీఎస్‌లో చేరింది. అనాటమీ హాల్లో ఫార్మలిన్ వాసనకి ఇంకా అలవాటు పడకముందే, మార్చి నెలాఖరులో నేషనల్ మెడికల్ కమిషన్ ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ అమలు గురించి ఉత్తర్వు పంపింది. ప్రతి స్టూడెంటూ పల్లెలో కొన్ని కుటుంబాలను 'దత్తత' తీసుకుని మూడేళ్లపాటు వాళ్ల ఆరోగ్యం చూస్తూ ఉండాలి. మొదటి ఏడాది 27 గంటలు, రెండో ఏడాది 30, మూడో ఏడాది 21. దేశం మొత్తం మీద మేమే మొదటి బ్యాచ్. మాకూ తెలీదు, మా సార్లకూ తెలీదు, ఊరివాళ్లకి అసలే తెలీదు.

ఈ 'దత్తత' అనే మాట నాకు మొదటి నుంచీ ఇబ్బందే. పద్దెనిమిదేళ్ల పిల్లని నేను. ఇంట్లో కరెంటు బిల్లు ఎలా కడతారో తెలియని నేను డెబ్భై ఏళ్ల మామ్మని దత్తత తీసుకోవడం ఏమిటి! మామ్మకి ఈ మాట చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. "నువ్వా నన్ను పెంచుకునేది? ముందు నువ్ కూసింత కూడు తిను, ఎండిపోనావు" అంది.

నూట యాభై మందికి ఐదేసి ఇళ్లంటే 750 ఇళ్లు. ఒక్క ఊళ్లో అన్ని ఎక్కడుంటాయి? మూడు ఊళ్లకి పంచారు. నా వాటాకి వచ్చింది సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్న ఊరు. కొంత జాలరి పేట, కొంత జీడితోటల్లో కూలికి వెళ్లేవాళ్లు. ఊరి పేరు రాయను. ఇక్కడ చెప్పేవన్నీ వాళ్లు నన్ను నమ్మి చెప్పుకున్న మాటలు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కాలేజీ బస్సు బయల్దేరేది. ఒక్కో విజిట్‌కి మూడు గంటలని లెక్క. ఆ మూడు గంటలూ బస్సెక్కిన దగ్గర్నుంచి మొదలవుతాయి. దిగి, హాజరు వేయించుకుని, బరువు మిషను ఎవరి దగ్గరుందో వెతుక్కుని ఇంటికి చేరేసరికి గంటన్నర మిగిలేది. ఆ కాస్తలో ఐదిళ్లూ తిరగడం అయ్యే పని కాదు. రెండిళ్లు చూస్తే ఎక్కువ.

మొదటి రోజు తెల్లకోట్లతో యాభై మందిమి దిగేసరికి ఊరు ఊరంతా తలుపు దగ్గరికి వచ్చింది. ఫారంలో మొదటి ప్రశ్న పేర్లు, రెండోది వయసులు, మూడోది నెలకి ఎంత సంపాదిస్తారు. బి.జి. ప్రసాద్ స్కేల్ ప్రకారం ఆర్థిక స్థాయి రాయాలి కాబట్టి అడగక తప్పదు. ఆ ప్రశ్న వినగానే మొహాలు మారిపోయాయి. "కార్డు తీసేస్తారేటి?" అని ఒకావిడ, "పింఛనీ గురించేనా?" అని ఇంకొకావిడ. నా ఐదిళ్లూ ఆ రోజు కటిక పేదరికంలో ఉన్నాయి. మూడో విజిట్‌కి నేను కార్డులు తీసేసే మనిషిని కాదని నమ్మకం కుదిరాక రెండిళ్లు ఒక మెట్టు పైకి ఎక్కాయి. కాగితం మీద చూస్తే మా ప్రోగ్రామ్ వల్లే ఊళ్లో పేదరికం తగ్గినట్టుంటుంది.

సగం మంది ఫ్రెండ్స్ లాగ్‌బుక్ హాస్టల్లోనే నింపేవాళ్లు. సబ్మిషన్ ముందు రాత్రి ఎవరి గదికెళ్లినా అందరి దత్తత కుటుంబాల బీపీ 120/80. నేనూ రెండుసార్లు రాశాను అలా. దాచిపెట్టి లాభం లేదు. మొక్కలు నాటడం కూడా ప్రోగ్రామ్‌లో భాగమే, ఔషధ మొక్కలు. నేను నాటిన ఐదింటిలో నాలుగు మేకలు తినేశాయి. మిగిలిన వేపమొక్క మాత్రం ఇప్పుడు నా ఎత్తుంది. దానికి నీళ్లు పోసింది నేను కాదులెండి.

మొదటి ఇల్లు, నాలుగో ఇల్లు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. షుగర్ ఉన్న తాతగారు ఒకరు, కళ్లద్దాలు అవసరమైన బడిపిల్ల ఒకతె. రాశాను, పంపించాను, వాళ్లు వెళ్లారు, అయిపోయింది.

రెండో ఇంటి అక్క అప్పుడు ఐదో నెల గర్భిణి. హిమోగ్లోబిన్ 8.4. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అక్కా అంటే, "ఆఁ, ఏసుకుంతన్నాను" అనేది ప్రతిసారీ. ఏఎన్‌ఎమ్ గారి కార్డులోనూ ఇచ్చినట్టే ఉంది. ఒకరోజు ఆమె చేపలు కడుగుతూ, స్టీలు డబ్బాలోంచి పసుపు తీసివ్వమంది. మూత తీస్తే పసుపు పొట్లం కింద ఎర్ర మాత్రల అట్టలు, ఒక్కటి కూడా చింపకుండా. నేనేం మాట్లాడలేదు. ఆమే అంది: "అవేసుకుంటే విరోచనం నల్లగా అవుతాది, కడుపులో తిప్పుతాది. నీకు సెప్తే తిడతావని." కడుపుతో ఉన్న మనిషి నాకెందుకు భయపడింది? నా తెల్లకోటుకి భయపడింది. తర్వాత నుంచి కోటు బస్సులోనే వదిలేసి వెళ్లాను. మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోమన్నాను, టీ తాగిన వెంటనే మాత్రం వద్దన్నాను. పుస్తకంలో ఇంతకంటే ఏముంది? కానీ ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఐదు విజిట్లు పట్టింది నాకు. బాబు పుట్టాడు, 2.4 కిలోలు. వాడి బరువుల గ్రాఫు నా చేత్తో గీసింది ఇప్పటికీ లాగ్‌బుక్‌లో ఉంది. మధ్యలో విరేచనాలప్పుడు దిగి, మళ్లీ ఎక్కిన గీత. పీడియాట్రిక్స్ వార్డులో అలాంటి గీతలో ఒక్క చుక్కే చూస్తాం మనం.

ఇక మూడో ఇల్లు.

మా వైపు ముసలివాళ్లు చుట్ట కాలిస్తే నిప్పు బయటికే ఉంటుంది. ఇక్కడ మామ్మ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నోరు కాలుతోందేమోనని పరుగెత్తాను. అడ్డపొగ అంటారు దీన్ని. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలో ఆడవాళ్ల అలవాటు. ఎందుకలా అంటే మామ్మ దగ్గర నాలుగు జవాబులు ఉన్నాయి: గాలికి ఆరిపోదు, నుసి పిల్లల మీద పడదు, ఒక చుట్ట సేపు వస్తుంది, "మా అమ్మ ఇలాగే కాల్సీది". 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూశారు. నూటికి నలభై మందికి పైగా ఇలాగే కాలుస్తున్నారని తేలింది. వేరేచోట్ల అరుదుగా కనిపించే అంగిలి కేన్సర్ ఈ తీరంలో ఎక్కువ కావడానికి ఈ అలవాటే ముఖ్య కారణం. మా ఈఎన్‌టీ పుస్తకంలో ఒక లైను ఉంటుంది దీని మీద. ఆ లైను మా మామ్మ.

ఫస్టియర్‌లో నాకు అంగిలి అంటే ఎక్కడుందో మాత్రమే తెలుసు. సెకండియర్‌లో పాథాలజీ చదివాక టార్చి తీసుకెళ్లాను. మామ్మ నోరు తెరవలేదు. "నోట్లో ఏటుంటాది, పళ్లే నేవు." ఇంకో నాలుగుసార్లు వెళ్లాక, అదీ నా అరచేతిలో గోరింటాకు ఎలా పండిందో చూశాక, తెరిచింది. అంగిలంతా తెల్లగా, మధ్యలో ఎర్ర చుక్కలు. థర్డ్ ఇయర్‌లో చూసినప్పుడు ఒక పక్కన చిన్న పుండు ఉంది. అదే నోరు రెండేళ్లలో రెండుసార్లు చూశాను. మొదటిసారికీ చివరిసారికీ తేడా చెప్పగలిగేది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అన్న సంగతి తట్టేసరికి టెన్షన్ వచ్చింది.

మా సార్ చేత చీటీ రాయించి ఇచ్చాను. పెద్దాసుపత్రికి వెళ్లు మామ్మా, ముక్క తీసి టెస్టు చేస్తారు అన్నాను. నలభై రోజుల తర్వాత వెళ్తే చీటీ గోడ మీద క్యాలెండర్ వెనకాల దోపి ఉంది. 'రిఫర్ చేయబడింది' అని నా లాగ్‌బుక్‌లో రాసేశాను అప్పటికే. మార్కులు కూడా పడ్డాయి.

ఎందుకెళ్లలేదంటే ఏం చెప్తుంది? కొడుకు వెరావల్‌లో. కోడలు పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది. రెండు బస్సులు మారాలి. ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు. మామ్మకి చదువు రాదు. ఆస్పత్రిలో ఏ గదికెళ్లాలో గోడల మీద అంతా ఇంగ్లీషే.

ఒక సెలవు రోజు చూసుకుని నేనే తీసుకెళ్లాను. ప్రోగ్రామ్‌లో లేదిది, గంటల లెక్కలోకి రాదు. కోటు బ్యాగులో పెట్టేసి, మనవరాల్లాగా క్యూలో నిలబడ్డాను. చీటీకి గంట. ఓపీలో ఐదు నిమిషాలు. ముక్క తీసేది వేరే బిల్డింగులో. అక్కడికెళ్తే రక్తపరీక్ష రిపోర్టు లేకుండా తీయరు. రక్తపరీక్షకి టైమైపోయింది, రేపు రండి. 'రేపు రండి' అన్న ఆ రెండు ముక్కల ఖరీదు మామ్మ ఇంటి లెక్కలో ఎంతో నాకు పైసలతో సహా తెలుసు.

ఓపీలో ఒక జూనియర్ డాక్టర్, బాగా అలిసిపోయి ఉన్నాడు, నోరు చూసి కసిరాడు: "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నావ్? ముందే రావాలని తెలీదా?" మామ్మ నా వంక చూసింది. నేను తల దించుకున్నాను. అతని మీద కోపం వచ్చి కాదు. అంతకు ముందు వారమే సర్జరీ వార్డులో కాలు కుళ్లిన ఒక షుగర్ పేషెంటుతో అచ్చంగా అదే మాట అన్నాను నేను. అదే గొంతుతో.

మూడో రోజుకి ముక్క తీశారు. రిపోర్టులో డిస్‌ప్లేసియా అని వచ్చింది, మధ్యస్థంగా. కేన్సర్ ఇంకా కాదు, కానీ ఆ దారిలో ఉంది. చుట్ట మానాలి, ప్రతి మూడు నెలలకీ చూపించుకోవాలి. మామ్మకి చెప్తే శ్రద్ధగా విని ఊకొట్టింది. పై నెల వెళ్తే చుట్ట కాలుస్తూనే ఉంది, కాకపోతే నిప్పు బయటికి పెట్టి. "నువ్ సెప్పినావని తిరగేసి కాల్సడం మానేసినాను" అంది, నాకేదో పెద్ద బహుమతి ఇస్తున్నట్టు.

ఆ రోజుల్లోనే ఎస్‌పీఎమ్ (సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్) సెమినార్ నా నెత్తిన పడింది. ఇలాంటి చదువు ఇంకెక్కడెక్కడ ఉందో చూద్దామని కూర్చున్నాను. గాంధీగారి డాక్టరు సుశీలా నయ్యర్ 1969లో మహారాష్ట్రలోని సేవాగ్రామ్‌లో పెట్టిన మెడికల్ కాలేజీలో ప్రతి బ్యాచ్‌కీ ఒక ఊరు. మొదటి ఏడాది పదిహేను రోజులు ఆ ఊళ్లోనే మకాం, తర్వాత నెలనెలా అవే కుటుంబాల దగ్గరికి. బస్సు దిగి గంటన్నరలో తిరిగి ఎక్కేయడం కాదు. పదిహేను రాత్రులు ఒక ఊళ్లో నిద్రపోతే ఎవరి మొగుడు ఎక్కడున్నాడో మొదటి వారంలోనే తెలిసిపోదూ!

బయటి దేశాల్లో దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీ 1997లో ఎనిమిది మంది స్టూడెంట్లను పెద్దాసుపత్రి నుంచి తీసి రివర్‌ల్యాండ్ అనే పల్లె ప్రాంతానికి ఏడాది పాటు పంపింది. నెల మెడిసిన్, నెల సర్జరీ అని ముక్కలు చేయకుండా, ఆ ఊళ్ల డాక్టర్ల దగ్గరే అన్నీ కలిపి నేర్చుకోవడం. వీళ్లు పరీక్షల్లో వెనకబడతారని అందరూ అనుకున్నారు. సిటీ ఆస్పత్రిలో ఉన్నవాళ్ల కంటే మంచి మార్కులే వచ్చాయి. అమెరికాలో మిన్నెసోటా వాళ్లు 1971 నుంచే తొమ్మిది నెలలు పల్లెలకి పంపుతున్నారు. అదే అమెరికాలో హార్వర్డ్ వాళ్లు కేంబ్రిడ్జ్ అనే ఊళ్లోని ఒక ఆస్పత్రిలో 2004లో మొదలుపెట్టిన పద్ధతి మాత్రం నన్ను కుర్చీలోంచి లేపేసింది. అక్కడ స్టూడెంటుకి ఏడాది పొడుగునా కొంతమంది పేషెంట్లు ఉంటారు. ఆ మనిషి కాన్పుకి వస్తే స్టూడెంటు అక్కడుంటాడు, ఆపరేషన్‌కి వెళ్తే అక్కడుంటాడు, స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే వెంట వెళ్తాడు. డిపార్ట్‌మెంటు మారినా పక్కనున్న మొహం మారదు.

నేను మామ్మతో దొంగచాటుగా చేసింది అక్కడ సిలబస్.

మా ప్రోగ్రామ్‌ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. అది లేకపోతే స్టీలు డబ్బాలో మాత్రలు నాకు ఏ జన్మకీ కనిపించేవి కావు. 78 గంటలంటే కలిపితే మూడు రోజుల ఆరు గంటలు. తక్కువే, కానీ నా గొడవ గంటలతో కాదు. మమ్మల్ని ఇంటిదాకా తీసుకెళ్తున్నారు. ఆ ఇల్లు ఆస్పత్రికి వచ్చిన రోజు మాత్రం మేము ఇంకో వార్డులో, ఇంకెవరి మంచం దగ్గరో కేసు షీటు రాసుకుంటూ ఉంటాం. రెండూ ఒకే కాలేజీ నడుపుతోంది. మధ్యలో దారి మాత్రం లేదు. లాగ్‌బుక్‌లో 'వెంట వెళ్లాను' అని ఒక గడి పెడితే, ఆ పూట హాజరు ఇస్తే చాలు. ఇదే సెమినార్‌లో అన్నాను. ఒక సార్ "ఐడియా బాగుందమ్మా, కానీ అటెండెన్స్ ఎవరు వేస్తారు?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నిజానికి ఆ ప్రశ్నకి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

ఊరివాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మా తర్వాత జూనియర్లు వచ్చారు. కొత్త ఇళ్లు దొరక్క కొన్ని ఇళ్లకి రెండో దత్తత కూడా అయింది. "మీ పిల్లలు వత్తారు, తూస్తారు, రాసుకుంతారు, ఎల్లిపోతారు. మాకేటి ఒరిగింది?" అని నాలుగో ఇంటి పెద్దాయన ముఖం మీదే అడిగాడు. తాతగారూ, మీ చేతి మీద నేను బీపీ చూడ్డం నేర్చుకున్నాను అన్నాను. "అయితే ఫీజు నువ్వే ఇయ్యాల" అన్నాడు. న్యాయమే.

హౌస్ సర్జన్సీలో పన్నెండు వారాలు కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్ ఉంటుంది. చాలామంది దాన్ని పీజీ ఎంట్రన్స్ చదువుకునే సెలవులా చూస్తారు. నాకు అది మే నెలలో పడింది. మూడేళ్లూ మే నెలలో ఎప్పుడూ పరీక్షలో, సెలవులో, ఎండలని విజిట్ రద్దో. ఆ ఊరి మగవాళ్లు ఇంట్లో ఉండేది సరిగ్గా అప్పుడే అని ఎవరికీ తట్టలేదు, నాతో సహా. ఒక సాయంత్రం డ్యూటీ అయ్యాక ఐదో ఇంటికి వెళ్లాను. ఎప్పుడూ తాళమో, తాళం లేకపోతే పిన్ని ఒక్కతో ఉండే ఇల్లు. ఆ రోజు అరుగు మీద ఒక మనిషి వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"నువ్వేనా మా ఇంటికొచ్చీ డాట్రు పాప" అన్నాడు బాబాయ్. ఏడుసార్లు రాసిన 'ఇంట్లో లేరు' ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. బీపీ చూశాను. 172/104. కాసేపు ఆగి మళ్లీ చూశాను, రెండో చేతికి చూశాను. ఏం తేడా లేదు. నలభై రెండేళ్లు. వాళ్ల నాన్న పక్షవాతంతో పోయాడట, సముద్రంలోనే, ఒడ్డుకి తెచ్చేసరికి ఆలస్యమైంది.

మర్నాడు పీహెచ్‌సీకి రప్పించాను. డాక్టర్ గారు చూసి బీపీ మాత్ర, ఆమ్లోడిపిన్ రాశారు. జూలై దాకా బాగానే వేసుకున్నాడు, 140కి దిగింది. తర్వాత బ్యాగు సర్దుకోవడం మొదలైంది. పీహెచ్‌సీలో మందులు నెలకోసారి ఇస్తారు. బోటు ఒడ్డుకి ఎప్పుడొస్తుందో బోటుకే తెలీదు. డాక్టర్ గారిని బతిమాలి రెండు నెలలవి ఇప్పించాను, ఇంకో రెండు నెలలవి పిన్ని బయట కొంది. మాత్రలు తడవకుండా టిఫిన్ డబ్బాలో పెట్టి, చీటీ మీద పెద్ద అక్షరాలతో 'పొద్దున్న ఒకటి' అని రాసి అతికించాను. వాళ్ల బోటు మీద ఒకరి దగ్గర చేతికి చుట్టుకునే బీపీ మిషను ఉందట. ఒడ్డుకి వచ్చినప్పుడల్లా చూసి ఫోటో పంపమన్నాను.

మామ్మకి రెండోసారి ముక్క తీసే తేదీ వచ్చే నెల. ఆ రోజుకి నా డ్యూటీ ఇప్పుడే మార్పించుకున్నాను, బదులుగా ఫ్రెండ్‌కి రెండు నైట్లు బాకీ.

నిన్న రాత్రి క్యాజువాలిటీలో ఉండగా వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, వెరావల్ నుంచి. చీకట్లో తీసింది, కదిలిపోయింది. పై అంకెలో మొదటిది 1, చివరిది 8. మధ్యది 3 అనుకుంటే 3 లాగా, 8 అనుకుంటే 8 లాగా ఉంది. దగ్గరికి లాగి చూశాను, పక్కనున్న సిస్టర్‌కి చూపించాను. ఆవిడ 3 అంది, నాకు 8 అనిపిస్తోంది. మళ్లీ తీసి పంపు బాబాయ్ అని రాశాను. ఒక్క టిక్కే పడింది. బోటు మళ్లీ లోపలికి వెళ్లిపోయినట్టుంది.